గేటు ఇవతల, గేటు అవతల

కాణిపాకం, తిరుమల, శ్రీకాళహస్తి. ఈ దారిన వచ్చేవాళ్ళు మూడు గుళ్ళు చూసుకుని పోతారు. నేను అదే దారిలో కంపెనీ గేట్లు చూసుకుంటూ పోయాను. బంగారుపాళ్యం దగ్గర మొదలుపెట్టి తూర్పుగా తడ దాకా. మామిడి గుజ్జు, బ్యాటరీ, సెల్‌ఫోను, బూటు. ఈ నేల మీద తయారై ఊళ్ళూ దేశాలూ దాటే సరుకులు వరసగా ఇవే తగులుతాయి. కంపెనీల సామాజిక బాధ్యత అనే మాట ఈ మధ్య బస్ షెల్టరు మీదా, బడి ప్రహరీ మీదా, మంచినీళ్ళ ట్యాంకు మీదా కనిపిస్తూనే ఉంది. ఆ కంపెనీల్లో పనిచేసేవాళ్ళు ఆ మాటను గురించి ఏమంటారో వినాలనిపించింది.

మామిడి కాలం కాబట్టి బంగారుపాళ్యం రాకముందే ముక్కుకు సంగతి తెలిసిపోయింది. జ్యూస్ ఫ్యాక్టరీల ముందు తోతాపురి కాయలతో ట్రాక్టర్లు బారు తీరి ఉన్నాయి. ఎండకు కాయ మెత్తబడి బండ్లలోంచే పులిసిన తీపి వాసన వస్తోంది. 2025లో కాయ ధర పడిపోయినప్పుడు కిలోకి పన్నెండు రూపాయలు అందేట్టు చూస్తామని ప్రభుత్వం చెప్పింది. ఎనిమిది ఫ్యాక్టరీలు, నాలుగు ప్రభుత్వం. అప్పటినుంచి ఇక్కడ ఎవర్ని కదిలించినా ఆ ఎనిమిది, నాలుగు లెక్కే చెబుతారు. రైతు గోడు పత్రికలకెక్కింది, అసెంబ్లీకెక్కింది. ఎక్కాల్సిందే. కానీ అదే షెడ్డులో కాయ కడిగి, చెక్కు తీసి, ముక్కలు కోసే ఆడవాళ్ళ కూలి ఎంతో ఆ రోజుల్లో ఏ పత్రికలోనూ నా కంట పడలేదు.

చిత్తూరు గుజ్జు పీపాల్లో గల్ఫుకు, ఐరోపాకు పోతుంది. మన సీసాల్లోకీ వస్తుంది. 2011లో కోకా కోలా, జైన్ ఇరిగేషన్ కలిసి ఈ జిల్లాలో 'ఉన్నతి' అనే పథకం మొదలుపెట్టాయి. ఎకరాకు నలభై చెట్లుండే చోట ఆరువందలకు పైగా నాటి, డ్రిప్పు పెట్టి, కొమ్మలు కత్తిరిస్తూ పొట్టిగా పెంచడం అందులో కిటుకు. రైతుకు రాబడి, కంపెనీకి గుజ్జు. తప్పు పట్టడానికేమీ లేదు. కాకపోతే ఇలాంటి పథకాల ఫొటోల్లో తోట ఉంటుంది, రైతు చేతిలో కాయ ఉంటుంది, చివర్లో సీసా ఉంటుంది. తోటకూ సీసాకూ మధ్యనున్న షెడ్డు ఉండదు.

టీకొట్టు దగ్గర ఆటో కోసం నిలబడిన నలుగురు ఆడవాళ్ళను పలకరించాను. సొన తగిలి వేళ్ళ కొసలు నల్లబడి, అక్కడక్కడ చర్మం లేచిపోయి ఉంది.

"గ్లౌజులు ఇయ్యరా అమ్మా?"

"ఇస్తారు నాయనా. తడిస్తే కత్తి జారతాది. తీసి పక్కన పెడతాం."

"ఎన్నాళ్ళుంటుంది పని?"

"ఆడి అమాస దాకా ఉండాది. కాయ అయిపోతే మేమూ అయిపోతాం," అని నవ్వింది వాళ్ళలో పెద్దావిడ. మిగతా నెలలు వేరుశనక్కాయల పని, ఉపాధి పని, ఏది దొరికితే అది. కంపెనీ వాళ్ళు మీ ఊరికేమైనా చేశారా అని అడిగితే, బడిలో బెంచీలు వేయించారని ఒకామె వెంటనే చెప్పింది. మెచ్చుకోలుగానే చెప్పింది. కూలి సంగతి అడిగితే మేస్త్రీ వైపు చూసింది.

చిత్తూరు నుంచి తిరుపతి వచ్చే దారిలో పూతలపట్టు మండలం బండపల్లి తగులుతుంది. 2020 ఆగస్టు 20న అక్కడి పాల డెయిరీలో అమోనియా లీకై పనివాళ్ళు ఆసుపత్రి పాలయ్యారు. ఎక్కువమంది ఆడవాళ్ళు. చల్లబరిచే పెద్ద యంత్రాలున్న చాలాచోట్ల అమోనియా ఉంటుంది. పాలకైనా, గుజ్జుకైనా. గొట్టం బాగుచేసేటప్పుడు లోపల ఎవరున్నారో చూసుకోవడం ఏ కంపెనీ దయాగుణం మీదా ఆధారపడే విషయం కాదు.

ఈ చుట్టుపక్కల మండలాల్లోనే పేటమిట్ట, దిగువమాఘం ఉన్నాయి. బ్యాటరీలు చేసే అమర రాజా కంపెనీ వ్యవస్థాపకుడు గల్లా రామచంద్ర నాయుడిది పేటమిట్ట. అమెరికాలో ఇంజనీరుగా పనిచేసి తిరిగొచ్చి, 1985లో తిరుపతి పక్కన కరకంబాడిలో కంపెనీ పెట్టాడు. ఆయన మామ, స్వాతంత్ర్య సమరయోధుడు, పార్లమెంటు సభ్యుడు పాటూరి రాజగోపాల నాయుడిది దిగువమాఘం. ఈ రెండు పల్లెల్లో బడులు, శిక్షణ కేంద్రం, నీటి పనులు కనిపిస్తాయి. వీటన్నిటికంటె నాకు పెద్దగా తోచింది ఇంకొకటి. పొలాల మధ్య ఫ్యాక్టరీ షెడ్డు, దాని గేటు ముందు బారుగా సైకిళ్ళు, మోపెడ్లు. పల్లె మనిషి బెంగుళూరు బస్సెక్కకుండా సంగటి తిని పనికి పోయి, చీకటిపడే వేళకు ఇల్లు చేరగలగడం చిన్న విషయం కాదు. రాయలసీమలో పుట్టినవాడికి వలస అంటే ఏమిటో ఎవరూ చెప్పనక్కర్లేదు.

ఇక్కడ కాస్త చట్టం మాట చెప్పుకోవాలి. 2013 కంపెనీల చట్టంలో 135వ సెక్షను ఉంది. 2014 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. నికర విలువ 500 కోట్లు గానీ, టర్నోవరు 1000 కోట్లు గానీ, నికర లాభం 5 కోట్లు గానీ దాటిన కంపెనీ, గత మూడేళ్ళ సగటు లాభంలో 2 శాతం సమాజం కోసం ఖర్చుపెట్టాలి. తాను పనిచేసే చుట్టుపక్కల ప్రాంతానికి మొదటి చోటివ్వాలి. కంపెనీల సామాజిక బాధ్యతను ఇలా చట్టంలోకి ఎక్కించిన తొలి దేశాల్లో మనదొకటి. అయితే చాలామందికి తెలియని మెలిక దీని నియమాల్లో ఉంది. కంపెనీ సొంత ఉద్యోగులకు మేలుచేసే పనులు ఈ లెక్కలోకి రావు. వేరే చట్టం ప్రకారం ఎలాగూ చేసి తీరాల్సిన పనులూ రావు.

అంటే గేటు ఇవతల బడికి బెంచీలు వేయిస్తే సామాజిక బాధ్యత. గేటు అవతల పనివాళ్ళ మరుగుదొడ్డి బాగుచేయిస్తే కాదు. మొదటిసారి చదివినప్పుడు ఇదేం విడ్డూరం అనుకుంటాం. నిదానంగా ఆలోచిస్తే అదే సరైనదని నాకనిపిస్తుంది. లేకపోతే పీఎఫ్ కట్టినందుకు, క్యాంటీన్ పెట్టినందుకు కూడా కంపెనీలు దానం పద్దులో రాసుకునేవి. 2025 నవంబరు దాకా అమల్లో ఉన్న 1948 ఫ్యాక్టరీల చట్టం ఓవర్‌టైముకు రెట్టింపు కూలి ఇవ్వాలంది. 250 మంది దాటిన చోట క్యాంటీన్, 30 మందికి మించి ఆడవాళ్ళున్న చోట పసిపిల్లల గది ఉండాలంది. అవి బాకీలు. బాకీ తీర్చినవాడికి శాలువా కప్పరు. కానీ దీనివల్ల ఇంకొకటి జరుగుతోంది. బోర్డు కట్టదగ్గ మంచితనమంతా గేటు ఇవతలే పోగవుతోంది. ఓటీకి రెట్టింపు ఇచ్చామని ఫ్లెక్సీ కట్టిన కంపెనీ నాకింతవరకు తారసపడలేదు.

తిరుపతిలో దిగినవాడికి దాతల పేర్లు కొత్త కాదు. సత్రం గది తలుపు మీద, ఫ్యాను రెక్క మీద, కూర్చునే బల్ల మీద పేర్లుంటాయి. కొండమీది గుడి గోడల శాసనాలైతే వెయ్యేళ్ళ పైబడ్డ దాతల చిట్టా. పల్లవ రాణి సామవై ఇచ్చిన వెండి విగ్రహం, భూములు అందులో ఉన్నాయి. విజయనగర కాలపు శాసనాల్లో ఒక కట్టడి నన్ను ఎప్పుడూ ఆకట్టుకుంటుంది. నైవేద్యానికి పొలమో సొమ్మో ఇచ్చిన దాతకు, ఆ ప్రసాదంలో నాలుగో వంతు తిరిగి వస్తుంది. దాత వాటా అది. మిగతా మూడు వంతులు గుళ్ళో ఏయే పనివాళ్ళకు ఎంతెంత చెందాలో కూడా చాలా శాసనాల్లో రాయిలోనే చెక్కారు. ఇప్పటి కంపెనీలకూ దాత వాటా ఉంది. మంచిపేరు రూపంలో తిరిగొస్తుంది. రాయి మీద చెక్కనిదల్లా పనివాడి వాటా.

కరకంబాడి తిరుపతికి కూతవేటు. రోడ్డుకు అటూ ఇటూ చెట్లు, గోడలు, బస్సులు దిగుతున్న నీలం చొక్కాలు. 1997 నుంచి 2019 దాకా అమెరికా కంపెనీ జాన్సన్ కంట్రోల్స్ ఇక్కడి అమర రాజాకు భాగస్వామి. వేల కుటుంబాలకు అన్నం పెట్టిన చోటు. 2021 ఏప్రిల్ 30న రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి కరకంబాడి, నూనెగుండ్లపల్లి ప్లాంట్లను మూసేయమని ఉత్తర్వులిచ్చింది. సీసం కాలుష్యం మోతాదు మించిందనీ, కార్మికుల రక్తంలోనూ సీసం ఉందనీ మండలి ఆరోపణ. నిబంధనలన్నీ పాటిస్తున్నామని కంపెనీ జవాబు. మే మొదటి వారంలోనే హైకోర్టు ఆ ఉత్తర్వులను నిలిపేసింది. వ్యవస్థాపకుడి కుమారుడు అప్పటికి ప్రతిపక్ష ఎంపీ. ఇక చెప్పేదేముంది, ఊరంతా రెండు పార్టీలుగా మాట్లాడింది. కక్ష సాధింపు అని ఒకరు, చట్టం తన పని చేసుకుపోతోందని ఒకరు. 2022 డిసెంబరులో కంపెనీ తెలంగాణతో 9,500 కోట్ల ఒప్పందం చేసుకుని మహబూబ్‌నగర్ దగ్గర కొత్త ఫ్యాక్టరీకి సిద్ధపడినప్పుడు, చర్చ పరిశ్రమ తరలిపోవడం మీదికి మళ్ళింది.

ఎవరిది న్యాయమో తీర్పు చెప్పడానికి నేను కోర్టును కాను. నా దిగులు వేరు. సీసం పొగగా, ధూళిగా ఊపిరిలోకి పోతుంది. కడగని చేతినుంచి అన్నంలోకి పోతుంది. పని బట్టల మీద ఇంటికొచ్చి పసివాళ్ళ దాకా చేరుతుంది. అందుకే 1948 చట్టం తెలియజేసి తీరాల్సిన వృత్తి రోగాల జాబితా రాసినప్పుడు సీస విషాన్ని మొట్టమొదట పెట్టింది. సీసంతో బ్యాటరీలు చేసే చోట రక్తపరీక్ష ఆ పనిలో భాగం. ఆ పరీక్ష కాగితం ఎవరిది? చేయి చాపి రక్తమిచ్చిన మనిషిదే కావాలి. తన అంకె ఎంతో, కిందటేడు ఎంతుండేదో, ఎంత దాటితే తనను ఆ విభాగం నుంచి మార్చాలో అతనికి తెలిసి ఉండాలి. 2021లో అన్ని నెలలు అంత గొడవ జరిగితే మైకు ముందు నాయకులున్నారు, అధికారులున్నారు, లాయర్లున్నారు. ఆ కాగితం చేతబట్టుకుని నిలబడ్డ కార్మికుణ్ణి మాత్రం నేను చూడలేదు.

రేణిగుంట విమానాశ్రయం పక్కన ఎలక్ట్రానిక్స్ కంపెనీలు. లోపలికి పోనివ్వలేదు, నేనూ పట్టుబట్టలేదు. 2023 ఫిబ్రవరి 27న ఇక్కడి ఫాక్స్‌లింక్‌లో పెద్ద అగ్నిప్రమాదం జరిగింది. ఐఫోన్ ఛార్జింగ్ కేబుళ్ళు చేసే చోటు. లోపలున్నవాళ్ళంతా ప్రాణాలతో బయటపడ్డారు. ఆ వార్త ప్రపంచమంతా వచ్చింది గానీ, చాలాచోట్ల ప్రశ్న ఐఫోన్ సరఫరా ఏమవుతుందన్నదే.

శ్రీకాళహస్తి, నాయుడుపేట మీదుగా సూళ్ళూరుపేట చేరేసరికి మాట యాస మారుతుంది, గాలిలో పులికాట్ తేమ తెలుస్తుంది. 2022లో జిల్లాలు విడగొట్టినప్పుడు ఈ వైపంతా తిరుపతి జిల్లాలో కలిసింది. తెల్లవారుజామున ఇక్కడ రోడ్డు మీద నిలబడితే ఎవరికైనా కొత్త లోకం కనబడుతుంది. మెడలో ఐడీ కార్డులు, చేతిలో టిఫిన్ డబ్బాలు, జడల్లో నిన్నటి మల్లెపూలు. కంపెనీ బస్సులు ఒకదాని వెనక ఒకటి ఆగి, ఆడపిల్లల్ని ఎక్కించుకుని పోతుంటాయి. శ్రీసిటీ వైపు కొన్ని, మాంబట్టు వైపు కొన్ని, మేనకూరు వైపు కొన్ని.

2008లో మొదలైన శ్రీసిటీ సత్యవేడు, వరదయ్యపాళెం మండలాల పల్లెల మీద లేచింది. మెట్రో రైలు పెట్టెలు, చాక్లెట్లు, ఏసీలు, వాహనాలు అన్నీ తయారవుతాయి. 2015 ఆగస్టులో షియోమీ విశాఖపట్నంలో విడుదల చేసిన తన తొలి భారతీయ తయారీ ఫోను ఇక్కడి ఫాక్స్‌కాన్ ప్లాంటుదే. ఆ ప్లాంటు పనివాళ్ళలో పదిమందికి తొమ్మిదిమంది ఆడవాళ్ళని అప్పట్లో పత్రికలు రాశాయి. ఇంటర్ చదివి, పెళ్ళికి ముందు నాలుగేళ్ళు సొంత సంపాదన చూసిన అమ్మాయిలు ఈ పల్లెల్లో అంతకుముందు ఎంతమంది? ఈ మార్పును తక్కువచేసి మాట్లాడేవాళ్ళతో నాకు పేచీ ఉంది.

అదే ఫాక్స్‌కాన్‌కు సరిహద్దు అవతల తమిళనాడులో, శ్రీపెరుంబుదూరు పక్కన ఐఫోన్ ప్లాంటు ఉంది. 2021 డిసెంబరులో అక్కడి హాస్టలు భోజనం తిని 250 మందికి పైగా అమ్మాయిలు జబ్బుపడ్డారు. 159 మంది ఆసుపత్రిలో చేరారు. తోటివాళ్ళు చెన్నై-బెంగుళూరు రోడ్డు మీద బైఠాయించారు. ప్లాంటు మూతపడింది. వసతి గదులు, భోజనశాలలు తమ ప్రమాణాలకు తగ్గట్టు లేవని ఆపిల్ ఒప్పుకుని ఆ ప్లాంటును పరిశీలనలో పెట్టింది. 2022 జనవరి 12న మళ్ళీ తెరిచారు. ఆపిల్‌కు సరఫరాదార్ల నియమావళి ఉంది, ఆడిటర్లున్నారు, ఏటా నివేదిక ఉంది. ఆ గదుల్లో నేలమీద పడుకున్న పిల్లలు మాత్రం రోడ్డెక్కితేనే కనబడ్డారు. 2024 సెప్టెంబరులో అదే ప్రాంతంలో శాంసంగ్ కార్మికులు వెయ్యిమందికి పైగా 37 రోజులు సమ్మె చేశారు. వాళ్ళ మొదటి కోరిక జీతం పెంపు కాదు, తమ సంఘానికి గుర్తింపు. 2025 జనవరిలో సంఘం రిజిస్టరైంది.

సూళ్ళూరుపేట నుంచి శ్రీపెరుంబుదూరు దాదాపు వంద కిలోమీటర్లే. సంఘం అనే మాట మాత్రం ఆ దూరం దాటి ఇటు రాలేదు. ఇక్కడ బస్సు కోసం నిలబడ్డ ఏ అమ్మాయి నోటా నేను ఆ మాట వినలేదు. నేనే ఎత్తితే ఒకమ్మాయి, "అది ఆటోవాళ్ళకు ఉంటాది కదా అన్నా," అంది.

మాంబట్టులో తైవాన్‌కు చెందిన అపాచీ కంపెనీ అడిడాస్ బూట్లు చేస్తుంది. రాజశేఖరరెడ్డి ప్రభుత్వ కాలంలో వచ్చింది, వేలమందికి పని ఇచ్చింది, అందులోనూ ఆడవాళ్ళే ఎక్కువ. అడిడాస్ తన సరుకు ఎక్కడెక్కడ తయారవుతుందో ఆ ఫ్యాక్టరీల జాబితాను తనే బయటపెడుతుంది. ఇది మెచ్చదగ్గ అలవాటు. ఇష్టంగా అలవడింది కూడా కాదు. తొంభైల్లో బూట్ల కంపెనీల మీద విద్యార్థులు, కార్మిక సంఘాలు లేపిన గొడవ దాని వెనకుంది. 2013 ఏప్రిల్ 24న ఢాకా దగ్గర రానా ప్లాజా కూలి 1,134 మంది చనిపోయాక ఐరోపాలో మాట ఇంకాస్త గట్టిపడింది. జర్మనీ 2023 జనవరి 1 నుంచి సరఫరా గొలుసు చట్టాన్ని అమల్లోకి తెచ్చింది. తన సరుకు చేసిపెట్టే ఫ్యాక్టరీలో, అది ఏ దేశంలో ఉన్నా, పనివాళ్ళ హక్కులు కాలరాస్తుంటే పెద్ద కంపెనీ చూడనట్టు ఊరుకోకూడదు. ఫిర్యాదుకు దారి పెట్టాలి. ఆ దారి సరఫరాదారు ఫ్యాక్టరీ పనివాళ్ళకూ తెరిచి ఉండాలి. పేరు గుట్టుగా ఉంచాలి. అడిడాస్ జర్మన్ కంపెనీ. చట్టం అక్షరాల ప్రకారం చూస్తే తడ రోడ్డు మీద బస్సు దిగే మనిషికి జర్మనీలో ఒక కిటికీ ఉన్నట్టే. తర్వాత అక్కడా సడలింపుల పాట మొదలైంది, అది వేరే కథ.

మన దగ్గర గాలి ఇంకోవైపు వీస్తోంది. 2025 జూన్‌లో రాష్ట్ర మంత్రివర్గం రోజు పనిని తొమ్మిది గంటల నుంచి పదికి పెంచడానికి ఒప్పుకుంది. వారానికి 48 గంటల హద్దు అలాగే ఉంచి, ఆడవాళ్ళ ఇష్టంతో, రక్షణ, రవాణా ఏర్పాట్లతో రాత్రి షిఫ్టులకూ దారి తెరిచింది. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన కేంద్ర కార్మిక కోడ్‌లు మాత్రం ఒక మంచి పని చేశాయి. ప్రతి పనివాడికీ నియామక పత్రం ఇవ్వాలన్నాయి.

ఆ పత్రం గురించే బస్సు దిగిన ఇద్దరిని అడిగాను. చిన్నమ్మాయి డిగ్రీ మధ్యలో ఆపేసింది. పెద్దామెకు నలభై ఉంటాయి.

"ఫోన్లో ఫొటో పంపించారన్నా. కాగితం ఇవ్వలా," అంది చిన్నది. ఫొటో తీసి చూపించింది. దాని మీదున్నది కంపెనీ పేరు కాదు, కాంట్రాక్టరు పేరు.

జర్మనీ చట్టం సంగతి చెప్పాను. ఆసక్తిగా వింది.

"ఫోను చేస్తే తెలుగులో మాట్లాడతారా?"

"మాట్లాడేవాళ్ళను పెట్టాలి మరి."

"పేరు చెప్పకుండా చెప్పొచ్చా?"

"చెప్పొచ్చు."

కాసేపు ఆలోచించింది. "మా లైన్లో ముప్పై మందిమే గదన్నా. పేరు చెప్పకపోతే మాత్రం, ఎవరు చెప్పిందీ సూపర్‌వైజరు కనుక్కోలేడా?"

జర్మనీలో ఆ చట్టం రాసినవాళ్ళు ఈ ప్రశ్నకు ఏం చెబుతారో నాకు తోచలేదు. అంతసేపూ ఊరకే ఉన్న పెద్దామె అప్పుడు అందుకుంది.

"ఆ దేశం సంగతి తర్వాత చూసుకుందాం గానీ సార్, రెండో షిఫ్టు దిగేసరికి రాత్రి పదకొండున్నర. బస్సు మా ఊరి మలుపులోకి రాదు, మెయిన్ రోడ్డు మీదనే దించేస్తాడు. అక్కణ్ణించి లైట్లు లేవు, చెరువు కట్టమీద నడవాల. లోపలికి రమ్మంటే కిలోమీటరుకు డీజిలు ఎవరిస్తారంటాడు. ఊళ్ళో గుడికి రంగులేయించారు, ఆ రంగుల డబ్బుతో సంవత్సరం డీజిలు వచ్చేది."

"ఇది రాయనా?"

"రాయండి. కంపెనీ పేరు రాయబాకండి. బస్సు సంగతి మాత్రం రాయండి."